నాలుగొందల నాలుగు

“ఎందుకు రమ్మన్నవన్నా? పచ్చగుర్తు అస్తనే ఉన్నది గద.”

వనిత రెండు నెలల పసివాణ్ని భుజాన వేసుకొని, ఫోన్‌ను శ్రవణ్ బల్ల మీద పెట్టింది. జగిత్యాల బస్టాండు దగ్గర శ్రవణ్‌ది ఫోన్లు బాగుచేసే దుకాణం. గల్ఫ్‌కు పోయినవాళ్ల కుటుంబాల కోసం ఒక యాప్ కూడా తయారుచేశాడు. అక్కడి కంపెనీ సైట్‌లో ఒక్కో కూలీకి ఒక్కో పేజీ ఉంటుంది. యాప్ లోపలున్న చిన్న బ్రౌజర్ ఆ పేజీని తెరుస్తుంది. తెరుచుకుంటే పచ్చగుర్తు, మనిషి పనిలో ఉన్నట్టు. లేకపోతే ఎర్రగుర్తు. వనిత భర్త సామేలు గల్ఫ్ నుంచి ఫోన్ చేయక ఐదు నెలలైంది. బీర్పూర్‌లో ఆ ఇంటికి ఆ గుర్తే ఆధారం.

“కూసో అక్కా. తప్పు నాది,” అన్నాడు శ్రవణ్. పొద్దుటి నుంచీ ఈ మాట ఎలా చెప్పాలో తెలియక చస్తున్నాడు. “పేజీతోటి సర్వర్ ఒక నంబరు పంపుతది. రెండొందలంటే పేజీ ఉన్నట్టు, నాలుగొందల నాలుగంటే లేనట్టు. నేను గా నంబరు చూడలే. ‘ఈ పేజీ లేదు’ అని రాసున్నదాన్ని తెరిచి గూడ, తెరిచిన అన్నది బ్రౌజరు. నేను పచ్చగుర్తు పెట్టిన.”

“మా ఆయనది?”

“నాలుగొందల నాలుగు.”

తాళం వేసిన ఇంటికి జాబు తీసుకెళ్లి, అందించానని రాసుకున్న పోస్ట్‌మ్యాన్‌కూ తనకూ తేడా లేదనిపించింది శ్రవణ్‌కు.

“ఎప్పటిసంది?”

“తెల్వదక్కా. నిన్ననే చూసిన.”

“పేజీ లేకుంటే మనిషి లేనట్టేనా?”

“గట్లనుకోకు. వేరే కంపెనీకి పోయిండేమో. నేను అడుగుతున్న.”

వనిత ఏడవలేదు. పిల్లవాడి వీపు నిమిరింది.

“మా అత్త లక్ష్మవ్వకు ఎర్ర కనవడద్దన్నా. రెండుపూటల గా గుర్తు చూడంది ముద్ద ముట్టది. చూసినంక, ‘నా కొడుకు మంచిగున్నడు, నువ్వు గూడ తిను బిడ్డ’ అని నాకు పెడ్తది. పెద్ద పానం, తట్టుకోదు.”

“అబద్ధం చూపియ్యాల్నా అక్కా?”

“ఇన్నొద్దులు చూపియ్యలేదా?”

శ్రవణ్ ఆమె ఫోన్ అందుకున్నాడు. మిగతా అందరి ఫోన్లలో నిజం కనిపించేలా యాప్ సరిచేశాడు. ఆ ఒక్క ఫోన్‌లో మాత్రం పచ్చగుర్తు కదలకుండా పెట్టాడు. చేసిన పనికి అతనింతగా సిగ్గుపడిన రోజు లేదు.

మర్నాడు మధ్యాహ్నం లక్ష్మవ్వ ఒక్కతే వచ్చింది. ఎండకు ముఖమంతా వాడిపోయి ఉంది. వనిత చెప్పేసిందేమోనని శ్రవణ్ భయపడ్డాడు.

“యాపు బాగుచేసినవంట గద కొడుకా. మా వాడల ఇద్దరియి ఎర్రగైనయి. మా కోడలు ఫోన్ల ఎర్ర రానియ్యకు.”

“రాదవ్వా. మీది పచ్చగనే ఉంటది.”

“పిలగాడు తల్లిపాల మీదనే ఉన్నడు. అది రందితోని తినుడు బందువెడితె పాలెక్కడియి? ఓ ఆర్నెల్లు గట్లనే ఉంచు.”

“నువ్వు గూడ రంది పెట్టుకోకవ్వా. సామేలన్న ఎక్కడున్నడో కంపెనీని అడుగుతున్న.”

లక్ష్మవ్వ అతని చెయ్యి పట్టుకుంది.

“అడుగకు కొడుకా.”

శ్రవణ్ ఆమె ముఖంలోకి చూశాడు.

“వాణ్ని ఆడనే పూడ్చుమని కంపెనీ కాయితం మీద నేనే ఏలుముద్ర ఏసిన.”