సందేహాల తాత

హాజరు పుస్తకంలో వేలిముద్ర వేశాక తాత బొటనవేలి సిరాను గోడకు తుడిచాడు.

"తాతా! రంగు వేసి వారం కాలేదు," అంది టీచరమ్మ.

"గోడ కూడా రోజూ క్లాసుకొస్తోంది కదమ్మా. దానికీ హాజరు పడనీండి."

క్లాసంతా గొల్లుమంది.

టీచరమ్మకు నవ్వు రాలేదు. పెద్దవాళ్ళకు చదువు చెప్పే ఈ మధ్యాహ్నం క్లాసు ఆమెకు మొదటి ఉద్యోగం. ఏ నిమిషానికి ఏం చెప్పాలో పొద్దున్నే కూర్చుని కాగితం మీద రాసుకొస్తుంది. తాత లేచాడంటే ఆ కాగితం గాలికి పోయినట్టే.

ఆ రోజూ అంతే. బోర్డు మీద పదో మాట రాస్తుంటే వెనక ఎక్కడో పలక మీద బలపం టక్ టక్‌మంది. తాత లేచాడు.

"టీచరమ్మా, నా బుర్రకెక్కలేదు. ఆ మూడో మాట ఇంకోసారి చెప్తారా?"

"ఇప్పుడేగా చెప్పాను!"

"చెప్పారమ్మా. బుర్రలో కూర్చోడానికి దానికి చోటు దొరకలేదు."

మళ్ళీ నవ్వులు. మళ్ళీ మూడో మాట.

కాసేపటికి ఇంకో టక్ టక్.

"ఇది నేర్చుకుంటే మందు డబ్బా మీద ఏముందో చదవొచ్చా అమ్మా?"

"అది వచ్చే నెల పాఠం, తాతా."

"అందాకా రోగం ఆగుతుందా?"

కుట్టుమిషను ఆవిడ, కూరల బండి ఆవిడ పడీ పడీ నవ్వారు. మూడో బెంచీ పెద్దావిడ మాత్రం తల వంచుకుని రాసుకుంటోంది. ఆవిడ గొంతు ఎలా ఉంటుందో టీచరమ్మకు ఇంకా తెలియదు.

తాత చొక్కా జేబు అడుగున పాత నీలం సిరా మరక ఉంది. చదువుకున్నవాళ్ళెవరో ఇచ్చేసిన చొక్కా కాబోలనుకుంది టీచరమ్మ.

శుక్రవారం తనిఖీకి ఆఫీసరు వస్తారని కబురొచ్చింది. గురువారం క్లాసయ్యాక ఆమె తాతను ఆపింది.

"తాతా, ఏమనుకోకు. రేపొక్కరోజు రావద్దు. నువ్వు మాటిమాటికీ లేస్తే పాఠం నడవదు. ఆయనకు నచ్చకపోతే క్లాసు మూసేస్తారు. నా ఉద్యోగమూ పోతుంది."

తాత ఆమె చేతిలోని కాగితం వైపు చూశాడు.

"శ్రద్ధగా రాసుకుంటారమ్మా మీరు. ఒక్క మాట చెప్పనా? బోర్డు వైపు చూసినంతసేపు మా పలకల వైపు కూడా..."

"తాతా!"

"సరే అమ్మా. రాను."

శుక్రవారం పాఠం నిమిషం తేడా లేకుండా సాగింది.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అడిగారు ఆఫీసరు.

అందరూ తలలు పలకల్లోకి దించుకున్నారు.

టక్ టక్‌మంది బలపం. ఎవరూ లేవలేదు.

ఆఫీసరు బోర్డు చెరిపించి మూడు మాటలు రాయమన్నారు. చాలా పలకలు నల్లగానే ఉండిపోయాయి.

"పాఠం బాగా చెప్పారు. ఎవరికి చెప్పారో మాత్రం తెలియలేదు," అన్నారాయన. "నెల రోజులు చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే మూసేయాల్సిందే."

సోమవారం టీచరమ్మ గుమ్మం వైపే చూసింది. తాత రాలేదు. మూడో బెంచీ పెద్దావిడా రాలేదు. వాళ్ళ ఇళ్ళెక్కడో ఎవరినడిగినా తెలియదన్నారు.

ఆమె నిమిషాల కాగితం పక్కన పెట్టింది. బెంచీలు గుండ్రంగా వేయించింది. బస్సు టిక్కెట్లు, మందు డబ్బాలు, కరెంటు బిల్లులు పోగుచేసి తెచ్చి వాటితోనే పాఠం చెప్పింది. నాలుగు మాటలకోసారి ఆగి, అందరి పలకలూ తిరిగి చూసింది. వాళ్ళు ఎక్కడ తడబడుతున్నారో చూసి గుర్తుపెట్టుకుంది. తాత అడిగినవన్నీ అక్కడివే.

నెల తిరిగి ఆఫీసరు వచ్చిన రోజు పెద్దావిడ ఒక్కతే వచ్చి ఓ మూల కూర్చుంది. మనిషి సగమైంది.

"సందేహాలున్నాయా?"

ఆఫీసరును చూసేసరికి మళ్ళీ అందరికీ నోళ్ళు పడిపోయాయి.

టక్ టక్.

టీచరమ్మ గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేవలేదు. బలపం ఇంకోసారి టక్ టక్‌మంది.

చివరికి పెద్దావిడే బెంచీ పట్టుకుని లేచింది.

"టీచరమ్మా... ఈ మందు డబ్బా మీద రెండో మాట నా బుర్రకెక్కలేదు. ఇంకోసారి చెప్తారా?"

"నాకూ ఎక్కలేదు!" అంది కుట్టుమిషను ఆవిడ.

"నాకు మొదటిదే ఎక్కలేదు, రెండోదాకా ఎక్కడ!" అంది కూరల బండి ఆవిడ.

గది సంతలా అయిపోయింది. అరగంటలో పలకలన్నీ నిండాయి. ఆఫీసరు ఫైలు మూసి, "నడిపించండమ్మా," అని లేచారు.

అందరూ వెళ్ళాక పెద్దావిడ హాజరు పుస్తకంలో వంకరటింకరగా తన పేరు రాసింది. తర్వాత పేజీ వెనక్కి తిప్పి తాత వేలిముద్రల మీద అరచెయ్యి ఆనించింది.

"తాత మీకు తెలుసా?" ఆత్రంగా అడిగింది టీచరమ్మ. "ఒక్కసారి రమ్మనండి. తప్పు నాదేనని చెప్పాలి."

"ఆయన పోయి ఇరవై రోజులైందమ్మా. గుండె జబ్బు."

టీచరమ్మ హాజరు పుస్తకంలోని ఆ వేలిముద్రల వైపే చూసింది.

"నాకర్థం కాని చోట నేను బలపం తట్టేదాన్ని, ఆయన లేచి అడిగేవారు," అంది పెద్దావిడ, గోడ మీది సిరా మరకను వేలితో తడుముతూ. "ఇంట్లో నేర్పబోతే నాకు కోపం, ఆయనకు నవ్వు. ముప్పై ఆరేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మనిషి మా ఆయన, నన్ను చూసి ఎవరూ నవ్వకూడదని రోజూ నా వెనకాలే వచ్చి వేలిముద్ర వేశారమ్మా."