ఎలుక పురుడు

చెల్లీ, నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మరిదిగారి దగ్గు ఎలా ఉంది? మీ మనవరాలికి పళ్లొచ్చాయా? ఇక్కడ నాకు కంటిమీద కునుకు లేదు.

ఊరి చుట్టూ మొక్కజొన్న తప్ప మరో పైరు లేదు. నిన్న మా పొలం గట్టు కింద ఓ ఎలుక, తను కన్న పిల్లల్నే కొరికి తినడం కళ్లారా చూశాను. కిందటి ఈతలోనూ అంతే చేసింది.

నేను కళ్లు ఒత్తుకుంటుంటే అబ్బాయి నవ్వాడు. "ఎలుక పురిటికీ దిగులేనా అమ్మా? పీడ పోయిందనుకో!"

"ఆకలై కాదురా. ఏడాది పొడుగునా ఆ ఒక్క గింజే తింటే మతి చెడుతుందట. పశువుల డాక్టరే చెప్పాడు."

వాడు నవ్వుతూనే మొక్కజొన్న జావ గిన్నె అందుకున్నాడు. ఏడాదిగా ఇంటిల్లిపాదికీ అదే తిండి. కోడలి చేతుల మీద తోలు పొరలుగా ఊడుతోంది. ఇవాళ తన పసివాడు పాలకేడిస్తే అదోలా చూసి, "ఎవరి పిల్లాడత్తయ్యా వీడు?" అంది.

నీ పెరట్లో చిక్కుళ్లూ ఆకుకూరలూ ఉన్నాయిగా. అక్కడికొచ్చేదాకా వాణ్ణి నా ఒళ్లోంచి దించను. ఇరవయ్యో తేదీ, ఆదివారం, పొద్దుటి బస్సుకు నేనూ, కోడలూ, పసివాడూ ముగ్గురం వస్తున్నాం.