సముద్రపు చెమ్మ

తెలంగాణ కోసం బండ్లన్నీ ఆపి, జనగామ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. తోలు బిగిసి బాగా మోగాలని రాజలింగు తన డప్పును మంటకు కాపుతూ, ఐలేశ్ వైపు చూడనట్టే చూస్తున్నాడు. ఇద్దరిదీ ఒకే జట్టు. ఇటలీలో పండుగకు డప్పు కొట్టడానికి మాత్రం ఐలేశ్ ఒక్కడే పోయివచ్చాడు.

"గుట్టల నిండ ద్రాక్షతోటలే అక్కా! కింద నీలంగ సముద్రం."

బియ్యం కడుగుతున్న సమ్మక్క చెయ్యాపి మరీ వింటోంది.

"గా సముద్రం జర తేకపోయినవా? పప్పుల ఉప్పేసే పని తప్పేది," అన్నాడు రాజలింగు.

"అబ్బో, పొయ్యిల కంటె నీ కడుపుల మంటనే ఎక్కువున్నది!" సమ్మక్క నవ్వింది.

"నాకెందుకు మంట? మన డప్పు అక్కడ దుమ్ము లేపిందా, గది చెప్పుమను."

ఐలేశ్ తల దించుకున్నాడు.

"లేదన్నా. సముద్రం గాలికి తోలు మెత్తబడ్డది. కాపుకుంటనంటే మంట పెట్టనియ్యలే. తడిబట్టను కొట్టినట్టే కొట్టిన. వాళ్లేమో చప్పట్లు కొట్టిండ్రు. నాకు ఏడుపొచ్చింది. గీ ముచ్చట ఎవలకూ చెప్పలే."

రాజలింగు తన డప్పును పక్కన పెట్టి, ఐలేశ్ డప్పును అందుకుని మంట దగ్గరికి జరిపాడు. వేలితో మీటితే కంగుమంది.

"ఇగ చెప్పు తమ్మీ, గా సముద్రం ఎట్లుంటది?"