పాత గదిలో గంట

నైట్ డ్యూటీలో ఉన్న చెల్లెలు అక్కను కొత్త ఎమ్మారై మిషన్‌లో బోర్లా పడుకోబెట్టి, భయమేస్తే గంట కొట్టడానికి నొక్కమని రబ్బరు బంతి చేతికిచ్చింది.

“పాతదానికి రెట్టింపు అయస్కాంతం దీనికి. ఆవగింజంత గడ్డ కూడా దాక్కోలేదు.”

“అమ్మకి చూసినప్పుడు ఇది ఉండుంటే బతికేదే,” అంది అక్క.

కాసేపటికి తెరమీద, అక్క రొమ్ములో, తెల్లని చుక్క మెరిసింది. చెల్లెలు దాన్ని పెద్దది చేసి చూసింది. గడ్డే.

అప్పుడే పక్కగదిలో గంట మోగింది. అమ్మను చూసి ఏమీ లేదన్న పాత మిషన్ గది అది. కరెంటు తీసేసి నెలయింది.

తాళం తీసి చూసింది. ఖాళీ మంచంమీద, ఎవరో గట్టిగా నొక్కి వదిలినట్టు, రబ్బరు బంతి మెల్లగా ఉబ్బుతోంది.

అక్కకింకా చెప్పని మాట అమ్మకు చెప్పింది.

“దొరికిందమ్మా. చిన్నగా ఉన్నప్పుడే దొరికింది.”

బంతి మళ్లీ అణిగింది, ఈసారి గంట మోగనంత మెత్తగా.