పొంగని పాలు

ఎండాకాలం వస్తే అడవి అంటుకోవడం, దాని పక్కన ఏదో ఒక ఊరు కాలిపోవడం మామూలైపోయింది. మా ఊరు కాలి పదకొండు నెలలు. అప్పటినుంచీ పునరావాస కేంద్రంలో నా మంచం పక్కన బాలంకమ్మ మంచం.

యంత్రాలు ఒక్క రోజులో గోడలు పోసి నాకు ఇల్లు నిలబెట్టాయి. ఆమెకు ఇచ్చిన ఇల్లు నూట ఇరవై కిలోమీటర్ల అవతల.

పాలు పొంగించకుండా కొత్త ఇంట్లో ఉండలేం కదా. ఇప్పటి పొయ్యిలకు మంట ఉండదు, పాలు అంచుకు రాగానే వాటంతటవే ఆరిపోతాయి. రెండుసార్లు వెళ్లి, పొంగలేదని కేంద్రానికి తిరిగి వచ్చేశాను.

మూడోసారి కేంద్రం చూసుకునే నస్రీన్ నాకు తోడుగా బాలంకమ్మను పంపింది. అప్పటికే ఇంకో ఊరివాళ్లు మూటలతో గేటు దగ్గర నిలబడి ఉన్నారు, వాళ్లలో ఒక బాలింత.

పాలు అంచుకు వచ్చాయి. పొయ్యి ఆరిపోయింది.

"ఈసారీ పొంగలేదు. పద, పోదాం" అన్నాను.

"పొయ్యికి నోటితో చెబితే ఆరకుండా ఉంటదంట గదక్కా. నస్రీన్ నీకు మొదటిరోజే చెప్పిందంట."

నేను గిన్నె దించబోయాను.

"నాకు మాత్రం నిన్ను ఇడిచి పోవాలనుందా? గేటుకాడ ఆ బాలింత పొద్దున్నించీ నిలబడే ఉంది. పడుకునేదానికి మంచం కావాల గదా."

బాలంకమ్మ కొంగుతో గిన్నె పట్టుకుని నెమ్మదిగా వంచింది. పాలు పొయ్యి మీదికి జారాయి.

"తూర్పుకే పొంగినయి, మంచిదే" అంది.

మిగిలిన పాలలో ఇద్దరికి సరిపడా బియ్యం పోశాను.