ముప్పై ఎనిమిది

“నిజం చెప్పు కొండమ్మా. ఈ చారల పిల్లలు నాలుగూ నీ పంది ఈనినవేనా?”

ఫారెస్టు బీట్ ఆఫీసర్ ఆనంద్ గొంతు పెంచాడు. మాచర్ల అవతల, అడవి అంచున ఉన్న ఆ పందుల దొడ్డికి అతను రావడం ఇది మూడోసారి. ఒంటి మీద చారలు అడవి రక్తానికి గుర్తు; అడవిపంది పిల్లల్ని పట్టుకొచ్చిందని తేలితే కొండమ్మ మీద కేసు, జైలు.

“ఎన్నిసార్లు చెప్పాల సారూ? తల్లి మాదే. వాటి అయ్య అడవోడు.”

“మగపంది అడవిలోంచి రావడం నువ్వు చూశావా?”

“ఏంది సారూ, అది నన్నడిగి వచ్చిద్దా? మా ఆడది నాకు చెప్పి పోయిద్దా?”

పశువుల డాక్టరు హిమజ నవ్వాపుకుంది. ఆనంద్‌కు నవ్వు రాలేదు. పది రోజుల కిందట పిల్లల రక్తం తీయించి పరీక్షకు పంపింది అతనే. ఆ రిపోర్టు ఇప్పుడు హిమజ చేతిలో ఉంది.

“ఊరపందికి ముప్పై ఎనిమిది క్రోమోజోములు, అడవిపందికి ముప్పై ఆరు, రెండూ కలిస్తే ముప్పై ఏడు. నేను చదివాను మేడమ్. ఎంతొచ్చింది?”

కొండమ్మ కొంగు పిడికిట్లో నలిగిపోతోంది. “నన్ను తీసకపోతే నా పందులకి కూడెవరు పెడతారు సారూ? కోటప్పకొండ సామీ, నువ్వే దిక్కు!”

“నాలుగింటికీ ముప్పై ఎనిమిదే,” అంది హిమజ.

ఆనంద్ రిపోర్టు అందుకుని తనే చూశాడు.

“చూశావా సారూ! నా సామి ఉన్నాడు!”

“ఆగమ్మా. సార్, మీరు చదివింది పడమటి దేశాల అడవిపందుల లెక్క. మన అడవుల్లో వాటికీ మామూలుగా ముప్పై ఎనిమిదే. ఈ అంకెను బట్టి ఇవి ఊరివో అడవివో చెప్పలేం.”

దేవుడు రెంటికీ ఒకే లెక్క రాసినప్పుడు మధ్యన గీత గీయడానికి తానెవరు? ఆనంద్‌కు ఒక్క క్షణం అలా అనిపించింది. పైగా సాక్ష్యం లేని కేసు నిలవదు.

“సరే, కేసు మూసేస్తున్నా. ఫైలుకు ఒక్క ఫొటో కావాలి.”

“వద్దు సారూ! పిల్లల్ని ముట్టుకోబాకు!” కొండమ్మ అడ్డం వచ్చింది.

“కేసు లేదన్నాను గదమ్మా. ఇంకా భయమెందుకు?”

ఆనంద్ తడిక తీసి, ఒక పిల్లను ఎత్తుకుని, కెమెరా ఉన్న జీపు వైపు నడిచాడు. అది చెవులు చిల్లులు పడేలా అరిచింది. దొడ్డిలో బురదలో పడుకున్న ఆడపంది తల కూడా తిప్పలేదు.

అవతల తుమ్మ పొదలు ఫెళఫెళా విరిగాయి. నిక్కపొడుచుకున్న నల్లటి వెంట్రుకలతో ఓ భారీ ఆకారం నేరుగా అతని మీదికి దూసుకొస్తోంది.

వెనక నుంచి కొండమ్మ గొంతు చించుకుని అరిచింది.

“పిల్లనొదిలేసి జీపెక్కు సారూ! వాటి తల్లొచ్చింది!”