వాడంతా కదిలిన రోజు

“ఇరువై ఒక్క దినాలు కాలేదవ్వా. గడప దాటద్దంటరు,” అంది పక్కింటి దీప, పదకొండు రోజుల పసిగుడ్డును పొదువుకుని.

“గీ ఒక్కపూట దాటు, బిడ్డా. పాపముంటే నా నెత్తినుండనీ,” అంది భూమవ్వ.

తప్పదు మరి. మునిసిపాలిటీ వాళ్లు వార్డుల హద్దులు మళ్లీ గీశారు. మురికికాలువను గీతగా పెట్టి వాడను నడిమికి కోశారు. నలభై ఇళ్లు ఏడో వార్డుకు, ఇరవై నాలుగు ఎనిమిదో వార్డుకు. అన్నీ ఒక్కచోట ఉంటే ఓట్లడిగేవాడు వాడలోకి వచ్చి మంచం మీద కూర్చుంటాడు. సగం సగమైతే మెయిన్ రోడ్డు మీంచే దండం పెట్టి పోతాడు. బీడీలు చుట్టుకు బతికే భూమవ్వకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. అభ్యంతరాలకు ఇవాళే ఆఖరు.

మొన్న నలుగురు వెళితే గుమస్తా శ్రీశైలం నవ్వాడు. “వాడంటే నలుగురేనా?” అన్నాడు. ఆ మాట భూమవ్వ గుండెల్లో గుచ్చుకుంది. అందుకే ఇవాళ ఎవరినీ వదల్లేదు. బీడీల చాటలు పక్కన పెట్టించింది. కూలికి పోయేవాళ్లను ఆపింది. కాలు పడిపోయిన ఎల్లన్నను ఆటోలోకి ఎత్తించింది. జగిత్యాల ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ గుమ్మం దాటని దీప కూడా, చెవులకు గుడ్డ కట్టుకుని బయలుదేరింది.

తొమ్మిదింటికల్లా ఆఫీసు ముంగిలి నిండిపోయింది. శ్రీశైలం ఈసారి నవ్వలేదు.

“ఇంతమందెందుకచ్చిండ్రవ్వా?”

“వాడంటే ఎంతమందో సూపిద్దామని, సారూ. సంతకం రానోళ్లు ఏలిముద్ర ఏసిండ్రు. లెక్క సూసుకో.”

“కాయిదం పెద్దసారుకే ఇయ్యుండ్రి. పొద్దుగాలనే ఫీల్డుకు పోయిండు.”

“ఎప్పుడస్తడు?”

“ఏమో. వార్డులన్నీ తిరగాలె గదా.”

“రానీ. సూసే పోతం.”

ఎండ నెత్తికెక్కింది. పసిబిడ్డ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోయింది. దీప మొహం పాలిపోయింది. భూమవ్వ పక్కన కూర్చుని కొంగుతో విసిరింది. అయినా ఒక్కరూ లేవలేదు.

రెండింటికి జీపు వచ్చింది. పెద్దసారు ప్రభాకర్ దిగి, అంత జనాన్ని చూసి ఆగాడు. మంచివాడే. కాగితం తన చేత్తోనే తీసుకున్నాడు. ఏ వాడదో చదవకుండానే కట్టలో పెట్టించాడు.

“నా కండ్లతోని చూసిందే రాస్తనమ్మా. ఎవరి మాటా వినను,” అన్నాడు.

“అంతకన్నా మాకేం గావాలె, సారూ,” అంది భూమవ్వ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

వారం తర్వాత ఆఫీసు గోడకు తుది జాబితా అంటించారు. గీత కదల్లేదు. వాడ రెండు ముక్కలుగానే ఉంది. భూమవ్వ తన కూతురు అఖిలను గోడ దగ్గరికి లాక్కెళ్లింది.

“ఎందుకో రాసిండ్రా, సదువు బిడ్డా. అందరం పోతిమి గదా,” అంది.

అఖిల వెతికి వెతికి తమ వాడ వరుస మీద వేలు పెట్టింది. పైకి చదివింది.

“ఆఖరి దినము ఉదయం పదకొండు గంటలకు స్వయముగా విచారణ జరిపితిమి. అరవై నాలుగు ఇళ్లకూ తాళములు. గల్ఫ్ వలసల వల్ల వాడ ఖాళీ అయినట్లు తెలియుచున్నది. అభ్యంతరము చెప్పుటకు ఒక్కరూ లేరు.”